ఇక్కడ చెక్కి, అక్కడ నిలబెట్టటం

నంద్యాల నుంచి కడప వెళ్ళే రహదారి మీద నలభై కిలోమీటర్లకు కొంచెం అటూయిటూగా ఆళ్ళగడ్డ వస్తుంది. అహోబిలం వెళ్ళే యాత్రికులు చాలామంది ఈ వూరి మీదుగానే పోతారు. ఈ వూళ్ళో శిల్పుల పాకల దగ్గిర నిలబడితే రోజంతా ఉలి చప్పుడు వినిపిస్తూనే వుంటుంది. వినాయకులూ, ఆంజనేయులూ, నందులూ, అమ్మవార్లూ సగం రాయిగానూ సగం విగ్రహంగానూ కనబడతారు. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఐతే ఆ విగ్రహాలలో చాలా భాగం ఆళ్ళగడ్డలో వుండేవి కావు. ఒకటి ఏదో జిల్లాలోని కొత్త గుడికి పోతుంది. ఇంకొకటి పక్క రాష్ట్రానికి పోతుంది. సముద్రాలు దాటి పోయేవి కూడా వున్నాయి. చెక్కే శిల్పి ఆ గుడిని ఒక్కసారి కూడా చూసి వుండకపోవచ్చు. అయినా విగ్రహం అక్కడికి వెళ్ళి, పీఠం మీద సరిగ్గా కూచుంటుంది. ఎట్లా?

కొలతల వల్ల. గర్భగుడి ద్వారం ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, పీఠంలో గుంట ఎంత లోతు అనేవి శిల్పి ముందుగానే తెలుసుకుంటాడు. విగ్రహం లోపలి కొలతలకు తాళమానం అని ఒక పద్ధతి వున్నది. ముఖం పొడవు ఒక తాళం. తాళాన్ని 12 అంగుళాలుగా భాగిస్తారు. ఈ అంగుళం మీ స్కేలు మీద వుండే అంగుళం కాదు. అది ఆ విగ్రహానికే చెందిన అంగుళం. పెద్ద విగ్రహానికి అంగుళం పెద్దది, చిన్న విగ్రహానికి చిన్నది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత దీనితో మనకు పని వున్నది.

ఒక చోట కూచుని మరొక చోటికి పనికివచ్చే వస్తువును తయారుచెయ్యటం కంప్యూటర్లలో కూడా జరుగుతుంది. దాని పేరు క్రాస్ కంపైలింగ్. మీ ఇంట్లోనో, మీ బళ్ళోనో వుండే మామూలు విండోస్ కంప్యూటరు ముందు కూచుని, పూర్తిగా వేరే జాతి యంత్రంలో నడిచే ప్రోగ్రామును తయారుచెయ్యవచ్చు. అది ఎట్లాగో, అందులో ఎక్కడ పొరపాటు జరుగుతుందో చూతాం.

యంత్రాల భాషలు

కంప్యూటరుకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. దానికి అర్థమయేవి అంకెలు మాత్రమే. ఐతే అన్ని కంప్యూటర్ల అంకెల భాషా ఒకటి కాదు.

ఒక చిన్న పని తీసుకుందాం. "42 అనే అంకెను నీ మొదటి గడిలో పెట్టుకో" అని యంత్రానికి చెప్పాలి. బళ్ళలో వుండే విండోస్ కంప్యూటర్లలో చాలావాటికి ఇంటెల్ జాతి మెదడు వుంటుంది. దానికి ఈ మాటను ఇట్లా చెప్పాలి:

184, 42, 0, 0, 0

ఫోన్లలోనూ, చిన్న చిన్న పరికరాలలోనూ వుండే మెదడు ఎక్కువగా ఆర్మ్ జాతిది. ఆర్మ్ భాషలలో ఒకదానిలో అదే మాట ఇట్లా వుంటుంది:

42, 0, 160, 227

చెప్పిన పని ఒకటే. కాని ఒక దానికి అయిదు అంకెలు, ఇంకొక దానికి నాలుగు. మొదటి వరసను తీసుకుపోయి ఆర్మ్ యంత్రానికి ఇస్తే, తమిళం మటుకే వచ్చినవాడికి తెలుగు వుత్తరం ఇచ్చినట్టే వుంటుంది.

మనుషులు ఈ అంకెలను రాస్తూ కూచోలేరు. అందుకని మనిషికి కాస్త అర్థమయే భాషలో ప్రోగ్రాము రాసి, దాన్ని అంకెల్లోకి మార్చే పని మరొక ప్రోగ్రాముకు అప్పగిస్తారు. ఆ మార్చే ప్రోగ్రామునే కంపైలర్ అంటారు. మామూలు కంపైలర్ తాను ఏ యంత్రం మీద నడుస్తున్నదో ఆ యంత్రానికే అంకెలు తయారుచేస్తుంది. క్రాస్ కంపైలర్ అట్లా కాదు. అది ఇంటెల్ యంత్రం మీద కూచుని ఆర్మ్ అంకెలు రాస్తుంది. ఆ అంకెలు దాని సొంత యంత్రానికే అర్థం కావు!

కాగితపు టేపు కథ

ఇది కొత్త వింత కాదు. యూనిక్స్ అనే గొప్ప వ్యవస్థ పుట్టుకే ఈ విధంగా జరిగింది.

1969లో అమెరికాలో, బెల్ లాబొరేటరీస్ అనే పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనేవాళ్ళు పనిచేస్తుండేవాళ్ళు. వాళ్ళకు పీడీపీ-7 అనే చిన్న యంత్రం ఒకటి దొరికింది. దాని జ్ఞాపకశక్తి 8,192 గడులు మటుకే. అందులో ప్రోగ్రాములు తయారుచేసే పనిముట్లేవీ వాళ్ళకు అనుకూలంగా లేవు. ఒట్టి రాయి వున్నది గాని, ఉలి లేదన్నమాట.

అప్పుడు థాంప్సన్ ఏం చేశాడంటే, అదే పరిశోధనశాలలో వున్న జీఈ-635 అనే పెద్ద యంత్రం మీద ప్రోగ్రాము రాశాడు. ఆ పెద్ద యంత్రం చేత చిన్న యంత్రానికి పనికివచ్చే అంకెలు తయారుచేయించి, వాటిని కాగితపు టేపు మీద బెజ్జాలుగా గుద్దించాడు. ఆ టేపును చేత్తో పట్టుకుని పీడీపీ-7 దగ్గిరికి నడిచివెళ్ళి, అందులో పెట్టి నడిపి చూశాడు. తప్పు కనబడితే మళ్ళీ పెద్ద యంత్రం దగ్గిరికి వెళ్ళి, సరిచేసి, మళ్ళీ టేపు తెచ్చేవాడు.

ఇట్లా కొంతకాలం గడిచాక చిన్న యంత్రంలో ఫైళ్ళను చూసుకునే ఏర్పాటూ, రాసుకునే ప్రోగ్రామూ, అంకెల్లోకి మార్చే ప్రోగ్రామూ అన్నీ అమిరాయి. ఆ తరవాత టేపుతో పని లేకపోయింది. చిన్న యంత్రం తన ప్రోగ్రాములను తానే తయారుచేసుకోసాగింది. అదే యూనిక్స్ అయింది.

చిన్న చిన్న ఉలులు

యూనిక్స్ పద్ధతిలో ఒక మంచి గుణం వున్నది. అన్ని పనులూ చేసే ఒక్క పెద్ద పనిముట్టుకు బదులు, ఒక్కొక్క పని మటుకే చక్కగా చేసే చిన్న పనిముట్లు అనేకం వుంటాయి. శిల్పి దగ్గిర కూడా అంతే గదా. బండరాయిని పగలగొట్టే ఉలి వేరు, కనురెప్ప తీర్చే ఉలి వేరు.

మీ బళ్ళో వెయ్యిమంది పిల్లలున్నారనుకోండి. ఎవరిది ఏ వూరో ఒక ఫైలులో వరసకు ఒకటి చొప్పున రాసి వున్నది. ఆళ్ళగడ్డ, మహానంది, పాణ్యం, కోయిలకుంట్ల, బనగానపల్లె, మళ్ళీ పాణ్యం, ఇట్లా. ఏ వూరి నుంచి ఎక్కువమంది వస్తున్నారో తెలుసుకోవాలి.

సార్ట్ అనే పనిముట్టు వరసలను అక్షరక్రమంలో పెడుతుంది. దాంతో ఒకే వూరి పేర్లన్నీ ఒక చోట చేరతాయి. యూనిక్ అనేది పక్కపక్కన వున్న ఒకే రకం వరసలను ఒకటిగా కలిపి, అడిగితే అవి ఎన్ని వున్నవో లెక్క కూడా చెబుతుంది. అది పక్కనున్న వరసను తప్ప దూరంగా వున్న దాన్ని చూడదు. అందుకే ముందు సార్ట్ చెయ్యాలి. తరవాత మళ్ళీ సార్ట్‌ను పిలిచి, ఈసారి లెక్కల ప్రకారం పెట్టమంటే, అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చే వూరు చిట్టచివరకు వస్తుంది.

ఈ పనిముట్ల మధ్య ఒక నిలువు గీత పెడితే చాలు. మొదటి దాని లోంచి వచ్చింది రెండవ దానిలోకి, రెండవ దాని లోంచి వచ్చింది మూడవ దానిలోకి పోతుంది. దీన్ని పైప్ అంటారు. తోటకు నీళ్ళు పెట్టేటప్పుడు ఒక గొట్టానికి మరొక గొట్టం తగిలించినట్టు ప్రోగ్రాములను తగిలించాలని డగ్లస్ మెక్‌ఇల్రాయ్ 1964లోనే రాశాడు. 1973లో థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో అమర్చాడు.

విండోస్‌లోకి వచ్చిన దుబాసీ

మరి ఈ పనిముట్లను మన విండోస్ కంప్యూటరులో వాడుకోవటం ఎట్లా? విండోస్ పుట్టుక వేరు, అలవాట్లు వేరు. యూనిక్స్ పనిముట్టు ఏదైనా ఒక ఫైలు తెరవాలంటే తన వ్యవస్థను ఒక రకంగా అడుగుతుంది. విండోస్‌ను అడగవలసిన తీరు మరొకటి. అందుకని రెండింటి మెదడూ ఒకే జాతిదైనా, ఒక దాని ప్రోగ్రాము ఇంకొక దానిలో నడవదు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, యూనిక్స్ వంటి పనిముట్లను అందరూ స్వేచ్ఛగా వాడుకునేటట్టు కొత్తగా తయారుచెయ్యాలని సంకల్పించి, దానికి గ్నూ అని పేరు పెట్టాడు. 1987లో వాళ్ళ కంపైలర్ వచ్చింది. దాన్నే జీసీసీ అంటారు. 1995లో సిగ్నస్ అనే సంస్థలో పనిచేసే స్టీవ్ చాంబర్లేన్ ఒక విషయం గమనించాడు. అప్పటి కొత్త విండోస్‌లో ప్రోగ్రాము ముక్కలను దాచే తీరు, ఈ గ్నూ పనిముట్లకు అంతకు ముందే తెలిసినదాని వంటిదే! ఆ దారి పట్టుకుని ఆయన సిగ్విన్ అనే ఏర్పాటును మొదలుపెట్టాడు.

సిగ్విన్‌లో ముఖ్యమైనది ఒక లైబ్రరీ. అది దుబాసీ వంటిది. పూర్వం తెలుగు తెలియని దొరలకూ, దొరల భాష తెలియని వర్తకులకూ మధ్య దుబాసీ నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చెప్పేవాడు. అట్లాగే ఈ లైబ్రరీ యూనిక్స్ తీరులో వచ్చిన కోరికను విండోస్ తీరులోకి మార్చి చెబుతుంది. ఐతే దుబాసీ లేకపోతే మాట సాగదు గదా! సిగ్విన్‌తో తయారైన ప్రోగ్రామును మీ స్నేహితుడికి ఇస్తే, వెంట ఆ లైబ్రరీని కూడా ఇవ్వాలి. లేకపోతే అది అక్కడ నడవదు.

1998లో వచ్చిన మింగ్విన్ అనే ఏర్పాటు మరొక దారి తొక్కింది. అందులో దుబాసీ లేడు. అదే గ్నూ కంపైలర్ నేరుగా విండోస్ తీరులో మాట్లాడే ప్రోగ్రాములను తయారుచేస్తుంది. ఆ తరవాత 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ తానే ముందుకు వచ్చి, యూనిక్స్ వంటిదే అయిన లినక్స్‌కు విండోస్‌లో చోటిచ్చింది. దాని పేరు డబ్ల్యూఎస్ఎల్. 2019లో ప్రకటించిన దాని రెండవ రూపంలో అసలు లినక్స్ కెర్నలే విండోస్ పక్కన నడుస్తుంది. దుబాసీని పెట్టుకోవటానికి బదులు, ఆ భాషవాడినే ఇంట్లో ఒక గదిలో వుంచుకున్నట్టన్నమాట.

అరచేతి యంత్రం

ఇక క్రాస్ కంపైలింగ్ లేకపోతే ఎంతమాత్రం గడవని చోటు ఒకటి చెబుతాను. అటల్ టింకరింగ్ ల్యాబ్ వున్న బళ్ళలో మీరు ఆర్డువినో అనే చిన్న బోర్డును చూసి వుంటారు. అది 2005లో ఇటలీలో పుట్టింది. ఆర్డువినో ఊనో బోర్డులో ప్రోగ్రాము పెట్టుకోవటానికి 32 కిలోబైట్ల చోటూ, లెక్కలు చేసుకోవటానికి 2 కిలోబైట్ల చోటూ వుంటాయి. 8 గిగాబైట్ల జ్ఞాపకశక్తి వున్న కంప్యూటరు దానికి 41,94,304 రెట్లు పెద్దది! అంత చిన్న బోర్డులో కంపైలర్ ఎక్కడ పడుతుంది? మైనా గూట్లో ఏనుగును కట్టెయ్యమన్నట్టుంటుంది.

అందుచేత కంపైలర్ విండోస్ కంప్యూటరులో వుంటుంది. మీరు అప్‌లోడ్ అనే బొత్తాము నొక్కగానే, బోర్డు జాతికి పనికివచ్చే జీసీసీ లోపల మేలుకుని, మీ ప్రోగ్రామును ఆ బోర్డు అంకెల్లోకి మార్చుతుంది. తీగ గుండా ఆ అంకెలు బోర్డులోకి పోతాయి. థాంప్సన్ చేత్తో మోసిన టేపు పనిని ఇప్పుడు ఈ తీగ చేస్తున్నది. ఆర్డువినోతో ఒక్క దీపం వెలిగించినవాళ్ళు కూడా తమకు తెలియకుండానే క్రాస్ కంపైలింగ్ చేసినవాళ్ళే.

ఎవరి అంగుళం?

నంద్యాల దగ్గిర ఒక రైతు తోటలో మోటారు ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టే పరికరం చెయ్యాలనుకున్నారనుకోండి. సి భాషలో ప్రోగ్రాము రాశారు. సెకనుకు ఒకటి చొప్పున పెరిగే అంకెను "ఇంట్" అనే గడిలో పెట్టారు. ముందు విండోస్ కంప్యూటరులోనే నడిపి చూశారు. రోజంతా బ్రహ్మాండంగా లెక్క పెట్టింది. అదే ప్రోగ్రామును ఊనో బోర్డుకు మార్చి తోటలో పెట్టారు.

పొద్దున ఆరు గంటలకు మోటారు వేశారు. మధ్యాహ్నం మూడు గంటల ఆరు నిమిషాలదాకా లెక్క సరిగ్గానే వున్నది. ఆ మరుక్షణం మోటారు నడిచిన కాలం "సున్నకు 32,768 తక్కువ" అని చూపింది! "పది గంటలు నిండగానే మోటారు ఆపు" అని మీరు రాసిన మాట ఇక నెరవేరదు. మోటారు నడుస్తూనే వుంటుంది. నీళ్ళు వృథా, కరెంటు వృథా, పైరుకు చేటు.

ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మారలేదు. మరి ఏం జరిగింది? విండోస్ కంప్యూటరులో "ఇంట్" అనే గడి నాలుగు బైట్లు. అందులో రెండువందల కోట్లకు పైగా పడుతుంది. ఊనో బోర్డులో అదే "ఇంట్" రెండు బైట్లే. అందులో 32,767 కన్నా పెద్ద అంకె పట్టదు. 32,767 సెకన్లంటే 9 గంటల 6 నిమిషాల 7 సెకన్లు. అంతవరకూ నడిచి, తరవాత గడి పొంగిపోయింది.

ఇదివరకు చెప్పిన తాళమానం గుర్తున్నదా? అంగుళమనే మాట ఒకటే అయినా, ఒక్కొక్క విగ్రహానికి దాని అంగుళం దానిదే. "ఇంట్" కూడా అంతే. అందుకని తెలిసినవాళ్ళు ఉత్త "ఇంట్" అని వదలక, "నాకు నాలుగు బైట్ల గడి కావాలి" అని విప్పి రాస్తారు. అప్పుడు ఏ యంత్రం మీదనైనా కొలత ఒకటే.

ఇటువంటి తేడాలు ఇంకా వున్నాయి. విండోస్‌లో రాసిన ఫైలులో ప్రతి వరస చివరా కంటికి కనబడని గుర్తులు రెండుంటాయి. వాటి అంకెలు 13, 10. పాత టెలిటైపు యంత్రాలలో అచ్చు వేసే భాగాన్ని ఎడమకు తెచ్చేందుకు ఒక గుర్తు, కాగితాన్ని పైకి జరిపేందుకు ఒక గుర్తు వుండేవి. ఇవి అవే. యూనిక్స్ మటుకు 10 ఒక్కటే వుంచుకున్నది. అందువల్ల విండోస్‌లో రాసిన ఆజ్ఞల ఫైలును యూనిక్స్ పనిముట్టుకు ఇస్తే, ఆ 13ను కూడా మాటలో భాగమే అనుకుని తికమకపడుతుంది. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసిన పేరూ, చిన్న అక్షరాలతో రాసిన పేరూ విండోస్‌కు మామూలుగా ఒకటే. లినక్స్‌కు అవి రెండు వేరు వేరు ఫైళ్ళు.

రాతిలో ముక్కు చెదిరితే అతికించి పూజించటం లేదు. ప్రోగ్రామును దిద్దుకోవటం అంతకన్నా తేలికే, కాని తప్పు బయటపడేది ఎక్కడ? మన బల్ల మీద కాదు, రైతు తోటలో. గుడిలో విగ్రహం కళ్ళు తెరిపించే కార్యం, విగ్రహం గుడికి చేరిన తరవాతే జరుగుతుంది. ప్రోగ్రామును కూడా అది నడవవలసిన యంత్రంలో, నడవవలసినంత సేపు నడిపి చూడందే అది పూర్తి అయినట్టు కాదు.

మీరే చేసి చూడండి

పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళ ఎదటనే ఈ పని చెయ్యండి. విండోస్ 11 గాని, విండోస్ 10 చివరి రూపాలు గాని వున్న కంప్యూటరులో డబ్ల్యూఎస్ఎల్ పెట్టించండి. ఇంటర్‌నెట్ కావాలి. ఒకసారి కంప్యూటరును ఆపి మళ్ళీ వెయ్యవలసి వుంటుంది. తరవాత ఆ లినక్స్‌లో మూడు కంపైలర్లు పెట్టించండి: ఒకటి మామూలు జీసీసీ, రెండవది విండోస్‌కు పనికివచ్చే మింగ్విన్ జీసీసీ, మూడవది ఆర్మ్ జాతికి పనికివచ్చే జీసీసీ.

"నంద్యాల" అనే మాటను తెర మీద చూపే చిన్న ప్రోగ్రామును సి భాషలో రాయండి. దాన్ని మూడు కంపైలర్లకూ ఇవ్వండి. మూడు ప్రోగ్రాములు తయారవుతాయి. "ఫైల్" అనే యూనిక్స్ పనిముట్టును పిలిచి ఒక్కొక్క దాన్నీ చూపిస్తే, ఏది ఏ జాతి యంత్రానికి పుట్టిందో అది చెబుతుంది.

తరవాత మూడింటినీ నడపండి. మొదటిది నడుస్తుంది. రెండవదాన్ని డబ్ల్యూఎస్ఎల్ తన పక్కనున్న విండోస్‌కు అప్పగిస్తుంది గనక అదీ నడుస్తుంది. మూడవది మటుకు "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని మొరాయిస్తుంది. దాన్ని చూసి దిగులుపడకండి. ప్రోగ్రాములో ఏమీ లోపం లేదు. రాస్‌బెర్రీ పై వంటి ఆర్మ్ జాతి బోర్డు మీద లినక్స్ వున్నచోటికి దాన్ని తీసుకుపోయి నడిపితే, అక్కడ "నంద్యాల" అని వెంటనే చూపుతుంది.